బడి మెట్లెక్కని బజియా

టీవీలో సీరియల్ మొదలయ్యే వేళకి మన ఇళ్లల్లో మగవాళ్లు ఒక నవ్వు నవ్వుతారు, గమనించారా? ‘మీ అత్తాకోడళ్ల గోల మొదలైందా’ అని పేపరు పట్టుకుని పక్కగదిలోకి వెళ్లిపోతారు. వెళ్లేటప్పుడు చెవులు మాత్రం ఇక్కడే వదిలి వెళ్తారనుకోండి, అది వేరే సంగతి. ఇంటి విషయాలు రాస్తే అది రాత కాదనీ, చావిట్లో నలుగురు ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటే అందులో కథేముంటుందనీ మనలోనూ చాలామందికి ఒక చిన్నచూపు ఉంది. ఆ చావడినే నమ్ముకుని, ముప్ఫై ఏళ్లకు పైగా ఒక దేశంలోని ఇళ్లన్నిటికీ కథలు చెప్పిన ఒకావిడ గురించి ఈవేళ మీతో చెప్పాలనుకుంటున్నాను. ఆవిడ పేరు ఫాతిమా సురయ్యా బజియా. ఉర్దూలో నవల రాశారు, టెలివిజన్‌కి నాటకాలు రాశారు. పేరు తెచ్చుకున్నది కరాచీలో. పుట్టి పెరిగింది మాత్రం నిజాముగారి హైదరాబాదు రాజ్యంలో. అంటే మనకేమీ పరాయి మనిషి కాదు.

1930 సెప్టెంబరు 1న రాయచూరులో పుట్టారు. రాయచూరు ఈనాడు కర్ణాటకలో ఉంది గానీ, ఆనాడు హైదరాబాదు రాజ్యంలోదే. తాతగారు నిసార్ యార్ జంగ్ కవి. ‘మిజాజ్’ అనేది ఆయన కలంపేరు. ఇంటినిండా పుస్తకాలు, వచ్చేపోయే కవులు, వాళ్లకి వండి పెట్టే పెద్ద వంటిల్లు. పదిమంది పిల్లల్లో ఈవిడే అందరికన్నా పెద్దది. ‘బజియా’ అంటే అక్క. తమ్ముళ్లూ చెల్లెళ్లూ పిలిచిన ఆ పిలుపే చివరికి ఆవిడ పేరైపోయింది. దేశమంతా, తనకన్నా పెద్దవాళ్లు కూడా, బజియా అనే పిలిచారు. మన వైపు కొన్ని ఇళ్లల్లో ‘అప్ప’ అన్న పిలుపు ఊరందరికీ పాకిపోయి, అసలు పేరేమిటో పెళ్లి శుభలేఖ వేయించేటప్పుడు తప్ప గుర్తురాదు చూడండి, అలాగన్నమాట.

ఆవిడ ఏ బడికీ వెళ్లలేదు. ఉన్న ఇంటి పిల్ల కనక వెళ్లలేక కాదు. ఆ ఇళ్లల్లో ఆడపిల్లలకి చదువు ఇంటికే వచ్చేది. పంతుళ్లు ఇంటికొచ్చి చెప్పేవారు, మిగతాది తాతగారి పుస్తకాల బీరువాలు చెప్పాయి. పద్నాలుగో ఏటే మొదటి నవల రాశారు. ఒక పరీక్ష రాయలేదు, ఒక సర్టిఫికెట్టు చేతికి రాలేదు. నేను పదో తరగతితో చదువాపేసిన దాన్ని. ఎక్కడైనా ఫారంలో ‘విద్యార్హత’ అన్న గడి దగ్గరకి వచ్చేసరికి నా పెన్ను కాస్త నెమ్మదిస్తుంది. అందుకేనేమో, ఈవిడ జీవితంలో ఈ ఒక్క సంగతీ నన్ను పట్టేసుకుంది.

1948లో కుటుంబమంతా హైదరాబాదు వదిలి కరాచీ చేరింది. దేశం రెండైన మరుసటేడు. ఎటువంటి రోజులో మీకు తెలుసు. తరాలుగా పాతుకున్న ఇల్లు, నౌకర్లూ చాకర్లూ, మామిడిచెట్టూ, పండగలూ అన్నీ వెనకే ఉండిపోయాయి. కొత్త ఊళ్లో ఇంటికి పెద్దకూతురు. తరవాత పెళ్లయింది, ఆ పెళ్లి నిలవలేదు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎదిగిరావడంలో తల్లి పక్కన ఇంకో తల్లిలా నిలబడ్డారు. మన ఇళ్లల్లో ఇలాంటి అక్కలున్నారు. వాళ్ల కథ సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది. చెల్లెళ్ల పెళ్లిఫొటోల్లో వెనక వరసలో నిలబడి ఉంటారు, అంతే.

ఈవిడ కథ ఆగలేదు. పాకిస్తాన్‌లో టెలివిజన్ 1964 నవంబరులో మొదలైంది. 1966లో ప్రయాణం మధ్యలో విమానం ఆలస్యమైంది. ఆ ఖాళీ సమయంలో ఊరికే చూద్దామని టెలివిజన్ కేంద్రానికి వెళ్లారు. అక్కడ ఆగా నాసిర్ అనే డైరెక్టరు ఈవిడ మాటతీరు చూసి, తన నాటకంలో ఒక వేషం వేయమన్నారట. అలా మొదట నటిగా లోపలికి అడుగుపెట్టి, కొద్దికాలంలోనే కలం పట్టారు. అప్పటికి వయసు ముప్ఫై ఆరు. ముప్ఫై ఆరంటే మనం ‘ఇంకేం చేస్తాంలే’ అనడం మొదలుపెట్టే వయసు.

ఆడవాళ్ల కార్యక్రమాలు రాశారు, పిల్లల నాటకాలు రాశారు. ‘మెహమాన్’ అనే పెద్ద నాటకం రాశారు. అసలు పేరు మాత్రం 1970లలో ‘షమా’ సీరియల్‌తో వచ్చింది. ఆ తరవాత ‘అఫ్షాన్’, ఆ తరవాత ‘అనా’, ‘ఆరూసా’, ఇంకా ఎన్నో. ఖాసిమ్ జలాలీ అనే డైరెక్టరు వీటిలో చాలావాటిని తీశారు. మనకి ‘హమ్ లోగ్’ వచ్చింది 1984 జూలైలో. వారం వారం ఒక కుటుంబం కథ కోసం ఎదురుచూడడం మనం అప్పుడే నేర్చుకున్నాం. అక్కడ అది ఆపాటికే బాగా అలవాటైన సంగతి.

‘షమా’, ‘అఫ్షాన్’ కథలు బజియా సొంతం కావు. ఏ.ఆర్. ఖాతూన్ అనే ఢిల్లీ రచయిత్రి నవలలు అవి. ఉర్దూ చదివే ఆడవాళ్లు దిండు కింద పెట్టుకుని చదివిన నవలలు. విమర్శకులు మాత్రం వాటిని ముట్టుకోలేదు, పెళ్లిళ్లూ నగలూ తప్ప ఏముందందులో అన్నారు. ఈ మాట మనకి కొత్తా? యద్దనపూడి సులోచనారాణిగారి నవలల గురించి ఎన్నిసార్లు విన్నాం! ఆవిడ నవల సీరియల్‌గా వస్తుంటే పత్రిక ఇంట్లో ముందు ఎవరు చదవాలో తగాదాలు పడ్డవాళ్లే, బయట నలుగురిలో ‘ఆడవాళ్ల నవలలు’ అని పెదవి విరిచారు. అయినా ‘మీనా’ సినిమా అయింది, ‘సెక్రటరీ’ సినిమా అయింది, 1990లలో మంజులా నాయుడుగారు ఆవిడ నవల తీసుకుని దూరదర్శన్‌లో ‘ఋతురాగాలు’ నడిపితే ఆ పాట వినపడగానే పొయ్యి కట్టేసి వచ్చి కూర్చున్నాం. బజియా చేసిన పని అలాంటిదే, ఇంకాస్త ముందు.

నవలని టెలివిజన్‌కి మార్చడం అంటే ఉన్నదాన్ని ముక్కలు కోసి పెట్టడం అనుకుంటాం. నేను రేడియోకి చిన్న చిన్న నాటికలు రాసే మనిషిని కనక ఈ సంగతి కాస్త వివరంగా చెప్పనివ్వండి. నవలలో రచయిత్రి ‘ఆమె మనసు కలుక్కుమంది’ అని రాసేస్తుంది. ఒక్క వాక్యం, పని అయిపోయింది. తెర మీద మనసు కలుక్కుమనడం ఎలా చూపిస్తారు? ఎవరో ఒకరు చూడాలి, చూసి ఒక మాట అనాలి. ఆ అనేవాళ్లు ఎవరు? మేనత్తా, పెంచిన దాదా, పెళ్లికాని పిన్ని, పాన్‌దాన్ ముందు కూర్చుని వక్కలు కత్తిరించే బామ్మ. అందుకే బజియా సీరియళ్లల్లో అంతమంది మనుషులు. పెద్ద కుటుంబాలు, పది పన్నెండు ముఖ్యమైన పాత్రలు, వాళ్ల మీద మళ్లీ చుట్టాలు. ‘ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిసేసరికి నాలుగు వారాలు పడుతుంది’ అని అక్కడివాళ్లే వేళాకోళం చేసేవారట. కానీ చూడండి, పెళ్లివారింట్లో అడుగుపెడితే మనకీ అంతే కదా.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో సీరియళ్లు ఎక్కువభాగం స్టూడియోలోనే తీసేవారు. నాలుగు గోడలు కట్టి, కెమెరాలు మూడువైపులా పెట్టి, ముందు రిహార్సళ్లు చేయించి అప్పుడు రికార్డు చేసేవారు. కొండలూ కోనలూ చూపించే వీలు లేదు, కారు ఛేజింగులు లేవు. ఉన్నదల్లా ఒక గది, గదిలో మనుషులు, వాళ్ల మాట. వారానికి ఒక భాగం చొప్పున సాధారణంగా పదమూడు వారాలు, అంటే మూడునెలలు నడపాలి. ఇలాంటి చోట గెలిచేది ఎవరు? ఇల్లు తెలిసినవాళ్లు. పెద్దకోడలు వచ్చినప్పుడు చిన్నకోడలు లేచి నిలబడుతుందా, లేక కూర్చునే చీర సర్దుకుంటుందా? చుట్టం వస్తే పళ్లెం ముందు ఎవరి ముందు పెట్టాలి? సంబంధం మాట ఎత్తాల్సింది ఎవరు, ఎత్తకూడనిది ఎవరు? తమ్ముడి మీద కోపం వదినె మీద ఎలా తీర్చుకుంటారు? ఇవేవీ ఏ కాలేజీలోనూ చెప్పరు. పదిమంది ఇంట్లో పెద్దకూతురికి ఎవరూ చెప్పకుండానే వస్తాయి. ఆవిడ పెళ్లి తంతులు రాస్తే చూసి, తమ ఇంట్లో మర్చిపోయిన ఆచారాలు మళ్లీ మొదలుపెట్టినవాళ్లున్నారని చెబుతారు.

రేడియోలో మాకు మొహం లేదు, గొంతొక్కటే. టెలివిజన్‌లో మొహం ఉంది గానీ, మాట సరిగ్గా లేకపోతే ఆ మొహం బొమ్మలా ఉండిపోతుంది. బజియా మాట ఎలాంటిదంటే, చార్మినారు దగ్గర వినబడే ‘నక్కో’, ‘హౌ’ల దక్కనీ కాదది. పుస్తకాలున్న ఇంటి ఉర్దూ. ఎవరితో ‘ఆప్’ అనాలి, ఎవరితో ‘తుమ్’ అనాలి అన్నది తూచినట్టు ఉంటుంది. మనం ‘నువ్వు’, ‘మీరు’, ‘తమరు’ అని మార్చగానే ఇంట్లో గాలి మారిపోదూ? ‘మీరు’ అనే భార్య ఒకరోజు ‘నువ్వు’ అంటే అది పెద్ద సీను. అలాంటి సీన్లు రాయడంలో ఈవిడ దిట్ట.

1980లలో మన విశాఖలో పోర్టు క్వార్టర్సులో మా వాటాకి రెండు వాటాల అవతల హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఇంటావిణ్ణి మేమంతా చాచీ అనేవాళ్లం. ఆవిడ ఇంట్లో వీడియో ఉండేది. హైదరాబాదు వెళ్లి వచ్చేటప్పుడల్లా అట్టపెట్టె నిండా క్యాసెట్లు తెచ్చుకునేవారు, అన్నీ పాకిస్తాన్ నాటకాలే. నాకప్పుడు ఆరేడేళ్లు. మాటలు తెలిసేవి కావు. మధ్యాహ్నం పూట పిలిచి మరమరాలు పెట్టి కూర్చోబెడితే, తెర మీద ఆడవాళ్లు మా మామ్మలాగే కళ్లతో మాట్లాడుకోవడం చూసి ఆశ్చర్యపోయేదాన్ని. ఆ క్యాసెట్లలో కొన్ని హసీనా మొయిన్ రాసిన ‘తన్హాయియాఁ’, ‘ధూప్ కినారే’ అని చాలా ఏళ్ల తరవాత తెలుసుకున్నాను. హసీనా మొయిన్ అమ్మాయిలు ఉద్యోగాలు చేస్తారు, ఎదురు మాట్లాడతారు, గలగలా నవ్వుతారు. బజియా అమ్మాయిలు ఇంట్లో ఉంటారు, మెల్లగా మాట్లాడతారు, చివరికి ఇల్లంతా వాళ్ల మాట మీద నడుస్తుంది. ఎవరు గొప్ప అంటే చెప్పలేను. మా అమ్మకి బజియా నచ్చేది, చాచీ కూతురికి హసీనా మొయిన్. ఆ ఇంట్లో దీని మీద రోజూ యుద్ధమే.

మెచ్చుకుంటూనే ఒక మాట అనాలి. బజియా ఇళ్లు చాలా అందంగా ఉంటాయి, కాస్త ఎక్కువ అందంగా. పెద్దలంతా మంచివాళ్లు, నౌకర్లు ఆ ఇంటికోసం ప్రాణమిస్తారు, కష్టం వచ్చినా మర్యాద తప్పదు. పోగొట్టుకున్న ఇంటిని తలుచుకునేటప్పుడు ఎవరైనా కారే కప్పుని తలుచుకోరు కదా. కానీ హైదరాబాదు దేవిడీలకి ఇంకో వైపు కూడా ఉంది. ఆ వైపు చూపించిన రచయిత్రి జీలానీ బానో. విచిత్రం చూడండి, బజియా హైదరాబాదు నుంచి కరాచీ వెళ్లారు. జీలానీ బానో 1936లో ఉత్తరప్రదేశ్‌లోని బదాయూఁలో పుట్టి హైదరాబాదు వచ్చి ఇక్కడి మనిషి అయ్యారు. తండ్రి హైరత్ బదాయునీ కవి. 1976లో వచ్చిన ఆవిడ నవల ‘ఐవానే గజల్’. ఐవానే గజల్ అనేది ఒక దేవిడీ పేరు. గజళ్లు, ముషాయిరాలు, అత్తరు వాసనలు అన్నీ ఉంటాయి. వాటి వెనక ఆ ఇంటి ఆడపిల్లల బతుకులు ఎలా కరిగిపోయాయో ఉంటుంది. గోడ అవతల తెలంగాణా రైతులు తిరగబడడం కూడా ఉంటుంది. ‘బారిషే సంగ్’ అన్న ఇంకో నవలలో పూర్తిగా దేవిడీ దాటి, వెట్టిచాకిరీలో మగ్గిన తెలంగాణా పల్లెకే వెళ్లిపోయారు.

ఆవిడ కథ ఒకటి ‘నర్సయ్యా కీ బావ్‌డీ’, అంటే నర్సయ్య బావి. ఉర్దూ కథకి నర్సయ్య నాయకుడు! ఈ కథనీ, ఇంకా కొన్నిటినీ కలిపి శ్యామ్ బెనెగల్ ‘వెల్ డన్ అబ్బా’ సినిమా తీశారు. 2010లో విడుదలైంది. ప్రభుత్వం ఇచ్చే బావి కోసం దరఖాస్తు పెట్టుకుంటే, డబ్బంతా చేతులు మారి మారి మాయమవుతుంది, కాగితాల్లో మాత్రం బావి తవ్వేసి ఉంటుంది. ఉన్న బావి కనబడటం లేదు, ఎవరో ఎత్తుకుపోయారని వెళ్లి పోలీసు రిపోర్టు ఇస్తారు. ఎంత నవ్వొస్తుందో అంత కోపం వస్తుంది. బెనెగల్ కూడా సికింద్రాబాదు ప్రాంతంలో పుట్టినవారే. జీలానీ బానోకి 2001లో పద్మశ్రీ ఇచ్చారు. మా అభిప్రాయం అడిగితే, బజియా సీరియలు ఒకటి చూసి వెంటనే జీలానీ బానో నవల ఒకటి చదివితే ఆ పాత ఇల్లు పూర్తిగా కనబడుతుంది. ఒకరు ముందుగది చూపిస్తారు, ఇంకొకరు దొడ్డివాకిలి.

మళ్లీ బజియా దగ్గరకి వస్తే, ఆవిడ పెంచిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఏమయ్యారో చెప్పకపోతే సగమే చెప్పినట్టు. చెల్లెలు జెహ్రా నిగాహ్ ఉర్దూలో పేరున్న కవయిత్రి. మగకవులతో నిండిన ముషాయిరా వేదికల మీద చిన్న వయసులోనే నిలబడి చదివిన అమ్మాయి. తమ్ముడు అన్వర్ మక్సూద్ హాస్యం రాయడంలో, టెలివిజన్ మీద మాట్లాడడంలో అక్కడ ఆయనకి సాటి లేదంటారు. 1984 నాటి ‘ఆంగన్ టేఢా’ ఆయన రాసిందే. ఇక అందరికన్నా నాకు ముచ్చటేసేది జుబైదా తారిక్. ఈవిడ వంటలావిడ. ఇల్లు చూసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ఉండి, యాభై ఏళ్లు దగ్గరపడ్డాకే బయటికి వచ్చారు. వంటలూ, గృహిణులకి పనికొచ్చే చిట్కాలూ టెలివిజన్లో చెప్పి ఇంటింటికీ జుబైదా ఆపా అయిపోయారు. 2018 జనవరిలో పోయారు. ఒకే వంటింట్లోంచి ఒకరు కవిత్వం, ఒకరు హాస్యం, ఒకరు నాటకం, ఒకరు వంట పట్టుకుని బయటికి వచ్చారు. ఆ వంటింట్లో ఏం తాలింపు వేసేవారో అనిపిస్తుంది నాకు.

బజియాకి గౌరవాలు బాగానే వచ్చాయి. 1996లో ‘ప్రైడ్ ఆఫ్ పెర్ఫార్మెన్స్’, 2012లో ‘హిలాలె ఇమ్తియాజ్’ ఇచ్చింది అక్కడి ప్రభుత్వం. జపాన్ సాహిత్యం మీద ఇష్టంతో ఆ దేశంతో సాంస్కృతిక సంబంధాల కోసం ఏళ్ల తరబడి పనిచేస్తే, జపాన్ కూడా సత్కరించింది. సింధు ముఖ్యమంత్రికి సలహాదారుగా కొంతకాలం ఉన్నారు. ఒక్క పరీక్షా రాయని మనిషిని విశ్వవిద్యాలయాలవాళ్లు పిలిచి మాట్లాడించారు. ఫొటోల్లో చూడండి, ఎప్పుడూ లేతరంగు చీరే, తలమీద కొంగు. ఏ సభలో ఉన్నా ఇంట్లో పెద్దక్క పీట మీద కూర్చున్నట్టే ఉంటారు.

చివరి రోజుల్లో గొంతు క్యాన్సరు వచ్చింది. జీవితమంతా మాటలు రాసిన మనిషికి గొంతులోనే వచ్చింది. 2016 ఫిబ్రవరి 10న కరాచీలో పోయారు. ఎనభై అయిదేళ్లు. రెండేళ్ల తరవాత సెప్టెంబరు 1న గూగుల్‌వాళ్లు ఆవిడ బొమ్మ వేసి పుట్టినరోజు జరిపారు.

ఈ సీరియళ్లు చూడాలనుకునేవాళ్లకి క్యాసెట్ల పెట్టె అక్కరలేదిప్పుడు, ఫోనులో యూట్యూబ్ తెరిస్తే దొరుకుతున్నాయి. బొమ్మ కాస్త మసకగా ఉంటుంది, శబ్దం అక్కడక్కడ గరగరమంటుంది. ఉర్దూ రాదని వెనకాడకండి. హిందీ సినిమాలు అర్థమయ్యేవాళ్లకి ముప్పాతిక భాగం అర్థమవుతుంది, మిగతా పాతిక మొహాలు చెబుతాయి. మొదట ‘ఆరూసా’తో మొదలుపెట్టండి, కాస్త కొత్తది కనక తేలిక. తరవాత ‘అఫ్షాన్’. ఒక కాగితం మీద ఎవరెవరికి ఏమవుతారో రాసుకుంటూ చూడండి, మా ఇంట్లో అలాగే చూశాం. మూడోవారానికి ఆ కాగితంతో పని ఉండదు. మధ్యాహ్నం వంట సర్దుకున్నాక ఒక భాగం, అంతకన్నా ఎక్కువ వద్దు. వారం ఆగి చూడడానికి రాసినవి అవి.